కుండీలు ఎటు జారాయి?

సైన్స్ టీచర్ ప్రశ్న సగంలో ఉండగానే ఆ పిల్ల చెయ్యి పైకి లేచింది. ఒక్క క్షణం కుదురుగా ఉండదని అందరూ ఆమెను తూనీగ అంటారు.

“లారీలో ఒక పెట్టె ఉంది. లారీ కదిలింది, పెట్టె కూడా దానితోపాటే కదిలింది. పెట్టెను ముందుకు నెట్టిన బలం…”

“ఇంజన్, టీచర్!”

“ఇంజన్ పెట్టెను ముట్టుకుందా?”

క్లాసంతా ఘొల్లుమంది.

“దాన్ని ముట్టుకుంటున్నది కింద ఉన్న లారీ చెక్క. ఘర్షణ గురించి ఆలోచించు.”

“ఘర్షణ ఆపుతుంది కదా టీచర్! ముందుకెలా నెడుతుంది?”

ఇంతలో గంట కొట్టారు. టీచర్ జవాబు చెప్పేలోపే తూనీగ గుమ్మం దాటేసింది.

తూనీగ వాళ్లమ్మకు మొక్కల నర్సరీ ఉంది. ఆ సాయంత్రం ఐదింటికల్లా పన్నెండు గులాబీ కుండీలు ఆసుపత్రి తోటకు చేరాలి. అమ్మ ఫోనులో మాట్లాడుతూనే, వాటిని వ్యానులో సర్దమని సైగ చేసింది.

వ్యానులో రబ్బరు పట్టా పరిచి ఉంది. కుండీని లోపలికి తోస్తుంటే మొండిగా మొరాయిస్తోంది. తూనీగకు ఒళ్లు మండింది. పట్టాను లాగి అవతల పారేసింది. తడి కుండీలు రేకు మీద సర్రున జారాయి. రెండు నిమిషాల్లో పని పూర్తయింది.

“పీడ విరగడైంది!” అనుకుంటూ ముందు సీట్లోకి ఎక్కింది.

గేటు దాటగానే ఎత్తు. అమ్మ వ్యానును ఒక్క ఊపున ముందుకు దూకించింది. వెనక దడదడమని చప్పుడు. ఆ వెంటే ఫట్, ఫట్, ఫట్!

వ్యాను ఆపి, దిగి చూస్తే మూడు కుండీలు వెనక తలుపుకు కొట్టుకుని పగిలాయి. మొక్కల వేళ్లు బయటపడ్డాయి.

“పట్టా ఏదే?” అంది అమ్మ.

తూనీగ గేటు వైపు వేలు చూపించింది. “నేనే తీసేశానమ్మా. కుండీలను కదలనివ్వట్లేదని…”

“కదలకూడదనే కదా తల్లీ, వేసింది!”

తూనీగ పెంకుల వైపే చూస్తూ నిలబడిపోయింది. “అమ్మా, వ్యాను ముందుకెళ్లింది. ఇవి ఉన్నచోటే ఉండిపోబోయాయి. పట్టా ఉంటే వీటిని పట్టుకుని ముందుకు లాక్కెళ్లేది!”

“నీ పాఠం తర్వాత. ముందు ఆ వేళ్లకు మట్టి కప్పు, ఎండిపోతాయి.”

ఆసుపత్రి తోటమాలి తొమ్మిదే లెక్కపెట్టి మొహం చిట్లించాడు. అమ్మ నోరు తెరిచేలోపే తూనీగ ముందుకొచ్చింది. “నా తొందర వల్లే పగిలాయి తాతా. రేపు బడికి వెళ్లేముందు మూడూ తెచ్చిస్తాను.” అన్నట్టే తెచ్చిచ్చింది.

ఆ రోజు క్లాసులో టీచర్ కొత్త ప్రశ్న వేసింది. “నడిచేటప్పుడు ఘర్షణ మన పాదాన్ని ఎటు నెడుతుంది?”

“వెనక్కి!” అని నలుగురైదుగురు అరిచారు.

తూనీగ నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. లేచి ఒక అడుగు వేసింది. మళ్లీ ఇంకొకటి, ఈసారి నెమ్మదిగా.

“ఏమే, నాలుక ఇంట్లో మర్చిపోయావా?” అన్నాడు వెనక బెంచీవాడు.

“ఉండరా,” అంది తూనీగ కిందికే చూస్తూ. “ఒక్క నిమిషం టీచర్. నేల బాగా నున్నగా ఉంటే నా కాలు ఎటు జారేదో చూసుకుని, దానికి ఎదురు దిక్కు చెప్తాను.”