బూడిద ఓడకు ఎర్ర గుర్తు

దీవిలోని జంగ్లీఘాట్ చేపల జెట్టీలో పొద్దున్నే వేలం జోరుగా సాగుతోంది. ఐసు పెట్టెల వెనక కూర్చుని ఒకతను ఫోన్ చూసుకుంటున్నాడు. పేరు మణికుమార్. జెట్టీలో అందరికీ చేపల బ్రోకర్‌గా తెలిసిన ఈ మనిషి అసలు ఉద్యోగం వేరు. రహస్య విభాగంలో ఏజెంట్. రెయిన్‌కోటు వేసుకున్నవాడొకడు పక్కనుంచి పోతూ, ఐసు పగలగొట్టే ఇనప ఊచను అతని వీపులో దించి, నడక వేగం కూడా మార్చకుండా జనంలో కలిసిపోయాడు. వేలం పాట రెండు గంపలు దాటాక గానీ, కాళ్ల కింద పారే నీళ్లు ఎర్రబడ్డాయని ఎవరూ గమనించలేదు.

ప్రాణం పోయే ముందు మణికుమార్ ఒక మెసేజ్ పంపాడు. "వల కబురు చదువుతున్నారు." అంతే.

మిన్నీ బేలో సముద్రానికి ఎదురుగా ఒక పాత క్వార్టర్ ఉంది. బోర్డు మీద వాతావరణ పరికరాల స్టోరు అని రాసి ఉంటుంది. లోపల పరికరాలూ లేవు, స్టోరూ లేదు. చీఫ్ గణేశ్వరరావు ఉన్నాడు. ఆయనకు ఈ లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు, ఎదురుగా నిలబడ్డ ఉదయ్‌కుమార్ మీద అసలే లేదు. ఉదయ్ పైకి ఫిషరీస్ ఆఫీసులో గుమాస్తా, లోపల ఈ విభాగంలో ఏజెంట్. ఇక్కడి జాలరి కుటుంబంలో పుట్టినవాడు. అదే ఈవేళ పనికొచ్చింది.

"వల కబురు అంటే?" అన్నాడు చీఫ్.

"మా జాలర్లు వాడే వెబ్ యాప్ సార్. డైరీ ఫార్మ్ పేటలో మొబైల్ షాపు నూకన్న చేశాడు."

దాని కథ చిన్నదే. వల పరిచి ఉండగా పెద్ద ఓడ వచ్చిందంటే వల తెగిపోతుంది. అందుకని ఓడను ముందు చూసినవాడు ఫోన్ తీసి మ్యాప్ మీద గుర్తు పెడతాడు. మిగతావాళ్లు అది చూసి వలలు లాగేసుకుంటారు. ప్యాసింజర్ షిప్‌కు నీలం గుర్తు, సరుకు ఓడకు పచ్చ గుర్తు, బూడిద రంగు ఓడకు ఎర్ర గుర్తు. బూడిద రంగు ఓడ అంటే నేవీ. వల కాపాడుకునే తొందరలో మనవాళ్లు నేవీ ఓడలు ఎప్పుడు ఎక్కడున్నాయో రోజూ చాటింపు వేసి చెబుతున్నారు. శత్రువుకు ఉపగ్రహం ఖర్చు కూడా మిగిలింది.

చీఫ్ మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. షికారు యాట్ వేషంలో ఒక విదేశీ ముఠా తీరానికి దూరంగా తిరుగుతోంది. వాళ్ల దగ్గర మనిషి లేకుండా నడిచే డ్రోన్ పడవ ఉంది, దాని నిండా పేలుడు పదార్థం. ఈ మధ్యాహ్నం ఉత్తరాన డిగ్లీపూర్ తీరం ముందు నుంచి నేవీ ఓడ పోతుంది. యుద్ధ విన్యాసంలో ఉంది కాబట్టి వైర్‌లెస్ మూసుకుంది, సాయంత్రం దాకా కబురు అందదు. యాప్‌లో ఎర్ర గుర్తు పడితే చాలు, డ్రోన్ పడవ నేరుగా అక్కడికే వెళ్లి పేలుతుంది. ఓడలో వాళ్లూ పోతారు, గుర్తు పెట్టినవాడూ పోతాడు.

"డిగ్లీపూర్ దగ్గర ఈవేళ వల వేసింది ఒకే పడవ. మీ అన్న అప్పలరాముడిది. ఫోన్ చెయ్."

"నా నంబర్ బ్లాక్ చేశాడు సార్."

మూడేళ్ల కిందట అప్పలరాముడి పడవను నిషిద్ధ జలాల్లో పట్టుకున్నారు. ఫిషరీస్‌లో తమ్ముడున్నాడు, ఒక్క మాట చెబితే వదిలేస్తారని అన్న ఆశపడ్డాడు. నోరు విప్పితే ముసుగు జారుతుందని ఉదయ్ మౌనంగా ఉండిపోయాడు. ఆ రోజు నుంచి అన్నకు తమ్ముడు లేడు. చీఫ్ తన ఫోన్ నుంచీ, మరో నంబర్ నుంచీ చేసి చూశాడు. రింగవుతూనే ఉంది. వల లాగే జాలరి ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవ అడుగున దాస్తాడు. ఓడ కనబడితేనే బయటికి తీస్తాడు. ఉదయ్‌కి నిజంగా భయం వేసింది.

సైట్ ఆపించమంటే చీఫ్ ముఖం చేదుగా పెట్టాడు. అది షేర్డ్ హోస్టింగ్. దేశం కాని దేశంలో ఒక సర్వర్, దాని మీద వేల సైట్లు. కంపెనీకి సపోర్ట్ టికెట్ పెడితే రెండు రోజుల్లో చూస్తామని జవాబొచ్చింది, నవ్వే బొమ్మతో సహా. ఫోన్ టవర్ ఆపాలంటే ఢిల్లీ సంతకం కావాలి.

"నూకన్న దగ్గర పాస్‌వర్డ్ ఉంటుంది. వెళ్లి ఆపు. అక్కడ మన మనిషి పింకీ ఉంది, కోడ్ వర్డ్ డిగ్లీపూర్ బస్సు." చీఫ్ సొరుగులోంచి ఒక నల్లటి డబ్బా తీశాడు. "చూడ్డానికి పవర్ బ్యాంకు. మీట నొక్కి వదిలితే, తర్వాత ముట్టుకున్నవాడికి షాక్. నువ్వు ముట్టుకోకు, నీకు ఆ తెలివి తక్కువ."

డైరీ ఫార్మ్‌లో పొద్దుటి నుంచి కరెంటు లేదు. నూకన్న షాపులోకి వచ్చిన సిమ్ కంపెనీ సేల్స్‌మన్‌కు టోపీ, చేతిసంచి, గుబురు మీసం ఉన్నాయి. మీసం తప్ప మిగతావి అతనికి నప్పాయి. కౌంటర్ పక్కన కుర్చీలో, నల్ల కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఒకమ్మాయి ఫోన్ చూసి విసుక్కుంటోంది. వచ్చినవాడు డిగ్లీపూర్ బస్సు వెళ్లిపోయిందా అని అడిగాడు. టైర్ పంచరైంది, కూర్చోండి అందామె. ఆమె పింకీ. టీచర్ల ఇంట్లో పుట్టి, హోస్టింగ్ ప్లాన్లు అమ్ముతూ, మన విభాగానికి సమాచారం చేరవేసే మనిషి. ఆమె నవ్వుతుంటే షాపులో కరెంటు వచ్చినట్టే ఉంది.

ఉదయ్ విషయం సగం చెప్పి, సైట్ ఇప్పుడే ఆపమన్నాడు. నూకన్న మండిపడ్డాడు.

"బంద్ జేస్తే మావోళ్లు నన్ను బతకనిస్తారేటి భయ్యా? అసలే షేర్డ్ హోస్టింగు. లైన్ ఇళ్లకి ఒకటే కొళాయి ఉన్నట్టు. ఒక్కపాలి ఇరవై మంది వరకే నీళ్లు. మొన్న షిప్ టైమింగులని ఒక పేజీ పెట్టినాను. టికెట్లు వదిలీసినారేమోనని ఐలాండ్ మొత్తం మీద పడిపోనాది. అకౌంట్ దినమంతా సచ్చిపోనాది. తౌబా, ఆ పేజీ తీసీసినాను."

తిడుతూనే లాప్‌టాప్ తిప్పి కంట్రోల్ ప్యానెల్‌లో పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు అంది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తప్పే. నిన్నటిదాకా పనిచేసిందని గొణిగాడు. పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసని ఉదయ్ అడిగాడు.

"ఇంకెవులికి? పాత హోస్టింగు నుంచి ఇక్కడికి మార్చింది పింకీ దీదీయే గదా. ఫ్రీగా మార్చినాది."

ఊరికే వచ్చేది ఏదీ ఉత్తినే రాదని ఉదయ్‌కి ఆలస్యంగా గుర్తొచ్చింది. తల తిప్పేసరికి పింకీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, గణేశ్వరరావు ఏం పడతాడు?

"లాప్‌టాప్ మూసెయ్," అంది పింకీ. నవ్వు అలాగే ఉంది.

"మణికుమార్‌ని ఆ ముఠాకు పట్టించింది నువ్వేనా?"

"నన్ను నమ్మాడు. అందుకే పోయాడు. మీసం మాత్రం బాలేదు ఉదయ్."

ఆమెకు చెప్పుకునే సరదా ఉంది. సైట్‌లోని ఫొటోల ఫోల్డర్‌లో తాను ఒక చిన్న ఫైల్ దాచానంది. డ్రోన్ పడవ నిమిషానికోసారి ఆ ఫైల్‌ని అడుగుతుంది, ఎర్ర గుర్తు ఎక్కడని. గుర్తు లేకపోతే ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. ఉంటే బయల్దేరుతుంది. పని అయ్యాక యాట్‌కి తాను ఒక్క కబురు చెప్పాలి, అంతే. చెబుతూ తన ఫోన్ చూసుకుని పళ్లు కొరికింది. ఛార్జింగ్ అడుగంటింది, ఊళ్లో కరెంటు లేదు.

ఉదయ్ చేతులెత్తాడు. ఎత్తేముందు జేబులోని డబ్బా మీట నొక్కి కౌంటర్ మీద పెట్టాడు. అది పవర్ బ్యాంకు మాత్రమే, ఆయుధం కాదన్నాడు. అబద్ధాల్లో అబద్ధం. పింకీ పిస్టల్ గురి తప్పనివ్వకుండానే ఎడమ చెయ్యి చాచి డబ్బాను అందుకుంది. కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడింది. పిస్టల్ ఫోన్ కవర్ల మధ్య పడింది. నూకన్న ఆమెను ఛార్జర్ వైర్లతోనే కట్టేశాడు. ఫ్రీ అని చెప్పి తన సైట్ పాడుచేసినందుకు మరో చుట్టు ఎక్కువే చుట్టాడు.

ఆమెకు ఇప్పట్లో స్పృహ రాదు. కొత్త పాస్‌వర్డ్ ఆమె బుర్రలోనే ఉంది. లాప్‌టాప్‌లో వల కబురు మ్యాప్ తెరిచి ఉంది, నీళ్లలో ఇంకా ఏ గుర్తూ లేదు. ఉదయ్ చూపు అక్కడే ఆగింది.

"షిప్ టికెట్లంటే ఎంతమంది వస్తారు?" అన్నాడు.

నూకన్నకు అర్థమైంది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. "వొద్దు భయ్యా. ఊరు నన్ను సంపేస్తాది."

"వాళ్లు తర్వాత చంపుతారు. ఆ డ్రోన్ పడవ మా అన్నను ఇప్పుడే చంపుతుంది."

ఈ దీవుల్లో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. అవతలి ఒడ్డున పెళ్లయినా చావయినా వైజాగ్ ఓడలో బంక్ టికెట్, అంటే చవక పడక, దొరికితేనే. టికెట్లు వదిలారని గాలి కబురొస్తే పొయ్యి మీద కూర మాడినా ఎవరూ దింపరు. నూకన్న తనున్న తెలుగు గ్రూపులన్నిటిలో ఒకటే పెట్టాడు. వైజాగ్ షిప్, ఎక్స్‌ట్రా బంక్ టికెట్లు, లింక్ ఇదే, అయిపోయాక నన్ను అడగొద్దు. కింద వల కబురు అడ్రస్ ఇచ్చాడు.

మొదట ఎవరూ కదల్లేదు. ఒకావిడ బంకా, క్యాబినా అని అడిగింది. ఇంకొకాయన పోయినసారి కూడా ఇలాగే మోసం చేశావని తిట్టాడు. తిట్టినాయనే ముందుగా లింక్ నొక్కాడు.

అప్పుడు మ్యాప్ మీద, డిగ్లీపూర్‌కు తూర్పున, అప్పలరాముడి పేరు పక్కన, యాప్ తెరిచాడని చెప్పే తెల్ల చుక్క వెలిగింది. అన్న సంచిలోంచి ఫోన్ బయటికి తీశాడు. అంటే ఓడ కనబడింది. ఇక ఎర్ర గుర్తు పెట్టడమే మిగిలింది. అన్నా వద్దు అని ఉదయ్ లాప్‌టాప్‌తో అన్నాడు, వినబడేట్టు.

పేజీ నెమ్మదించింది. మ్యాప్ సగం వచ్చి ఆగింది. డైరీ ఫార్మ్ వచ్చింది, జంగ్లీఘాట్ వచ్చింది, బడిలో టీచర్లు వచ్చారు, ఆఫీసుల్లో గుమాస్తాలు ఫైళ్లు పక్కన పెట్టి వచ్చారు. పేజీ రాకపోతే మానుకునే జాతి కాదు మనది, మళ్లీ మళ్లీ నొక్కే జాతి. చుక్క పక్కన ఎర్రగా ఏదో మెదిలినట్టయింది. నూకన్న రిఫ్రెష్ కొట్టాడు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, 508, రిసోర్స్ లిమిట్ దాటింది.

కొళాయి దగ్గర ఐలాండ్ అంతా బిందెలతో నిలబడింది. అన్న పెట్టిన గుర్తుకు లోపల చోటు లేదు. నడిసముద్రంలో డ్రోన్ పడవ నిమిషానికోసారి వచ్చి అడిగింది, దానికీ అదే జవాబు.

పొద్దు వాలాక చీఫ్ ఫోన్ చేశాడు. డ్రోన్ పడవ నూనె అయిపోయేదాకా ఉన్నచోటే గుండ్రంగా తిరిగి ఆగిపోయింది, కోస్ట్ గార్డ్ పట్టుకుంది. పింకీ కబురు కోసం యాట్ కదలకుండా కూర్చుని దొరికిపోయింది. రెయిన్‌కోటు వాడు అందులోనే ఉన్నాడు. నేవీ ఓడ తన దారిన తాను డిగ్లీపూర్ దాటింది.

"అనుకున్నంత తెలివితక్కువ వాడివి కాదు," అన్నాడు గణేశ్వరరావు. ఆయన నోట అంతకంటే మంచి మాట ఎవరూ విన్నవాళ్లు లేరు.

వెంటనే ఫోన్ మళ్లీ మోగింది. తెర మీద అన్న పేరు. మూడేళ్లలో మొదటిసారి.

"ఒరే ఉదయ్. ఆ దరిద్రపు సైట్ పన్జెయ్యనేదు. గుర్తు పెట్నేకపోనాను. బూడిద ఓడ నా వల మీంచే ఎల్లిపోనాది, సగం వల పోనాది. పిషరీసులో కూకున్నావు గదా, ఇప్పుడైనా పనికి రా. సైట్‌ని సంపినోడెవుడో కనుక్కో. ఆడి కాళ్లు నేనిరగ్గొడతాను."

ఉదయ్ కళ్లు తుడుచుకున్నాడు. అన్న తిట్టడం ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. "కనుక్కుంటాను అన్నా. నువ్వు ఇంటికి రా," అన్నాడు.

"నీకోసం రాట్లేదులే," అని అప్పలరాముడు పెట్టేశాడు. కానీ మళ్లీ బ్లాక్ చెయ్యలేదు.

షాపు బయట గోల మొదలైంది. సైట్‌లో బంక్ టికెట్లు దొరక్క, నూకన్ననే నేరుగా వెతుక్కుంటూ జనం సందు మలుపు తిరుగుతున్నారు. ముందు నడుస్తున్నది ఆ తిట్టినాయనే. నూకన్న తలుపు సందులోంచి చూసి, నా గతేటి భయ్యా అన్నాడు.

ఉదయ్ తన పెట్టుడు మీసం ఊడదీసి అతని పెదవి మీద అంటించి, టోపీ నెత్తిన పెట్టి, వెనక తలుపు తెరిచాడు.