దశ చెప్పి ఆడు

“ఎండ్!”

అరుణశ్రీ గొంతు ఖంగుమంది. ఆ ఖంగు ఆగకముందే గుమ్మంలోకి ఒక గుడ్డసంచి వచ్చింది. సంచి వెనకాల బుల్లమ్మ వచ్చింది.

“ఎండేటమ్మా? నెత్తళ్ళా, సావిడాయలా? ఆదివారం నేను సేప ముట్టను గానీ రేపటికి కొంటాను. తియ్యి, సూద్దాం.”

గది ఒక్కసారిగా నవ్వులతో భళ్ళుమంది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు ఆవిడ సొంత మనవడు యుగంధరే.

గది సంగతి ముందు చెప్పాలి. అది అరసవల్లిలో లాడ్జీల సందులో ఉన్న బాబీ దుకాణం. ముందు గదిలో జెరాక్సు, వెనక గదిలో జోరు. 2015లో ఆ జోరు పేరు ‘కోటలూ కత్తులూ’. చేతిలో కార్డులుంటాయి గానీ పేకాట కాదు. ఇందులో పందేనికి డబ్బు పెట్టరు, బుర్ర పెడతారు. కార్డుల పాకెట్లు కొనుక్కుని, “నీ ఏనుగునిస్తే నా మంత్రగాణ్ణి ఇస్తాను” అని మార్చుకుని, ఎవరి సైన్యం వాళ్ళు కూడగట్టుకుంటారు.

ఒక్కొక్కరి వంతులో ఐదు దశలు. స్టాండ్ అంటే పడుకున్న కార్డుల్ని లేపడం. డ్రా అంటే కొత్త కార్డు తీయడం. మెయిన్ అంటే సైన్యాన్ని దించడం. ఎటాక్ అంటే తెలిసిందే. ఎండ్ అంటే నా పని అయింది, ఇక నీ వంతు అని. ఏ దశలో కాలు పెట్టినా పైకి చెప్పి పెట్టాలి. ఎందుకంటే ప్రతి దశలోనూ ఎదుటివాళ్ళకి అడ్డుకార్డు వేసే హక్కుంది.

యుగంధర్ నోట పలికే దశలు జాతకంలోవే. శ్రీకూర్మం దగ్గర వరిపొలాలున్న ఇంటి కుర్రాడు. డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షలు రాస్తున్నాడు. ప్రతి ఆదివారం నానమ్మని సూర్యనారాయణమూర్తి దర్శనం క్యూలో నిలబెట్టి, తను ఈ క్యూలో కూర్చుంటాడు. ఆటలో దిట్టే. మాటలోనే పట్టీపట్టనట్టు. మాటకి పన్ను కట్టాలేమో అన్నట్టు “ఊ” అంటాడు, కార్డు పడేస్తాడు.

అరుణశ్రీది కళింగపట్నం. లెక్కల్లో ఎమ్మెస్సీ చదువుతోంది. హాస్టల్లో ఆట నేర్చుకుని, ఈ దుకాణానికి ఆ రోజే మొదటిసారి వచ్చింది.

“నవ్వింది సాలు. నవ్వినోలు వచ్చి కూకోండి,” అంది యుగంధర్ వంక చూస్తూ.

కూర్చున్నాడు.

“స్టాండ్,” అంది. ఆగింది. తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. “ఏటైనా ఉందా?”

అతని దగ్గర చాలా ఉంది. చేతిలో అడ్డుకార్డు మాత్రం లేదు.

“డ్రా.” మళ్ళీ ఆ చూపు. “ఏటైనా ఉందా?”

కోటలూ కత్తులూ అని పేరు పెట్టినవాడెవడో గానీ, ఆ కళ్ళు చూసి ఉంటే రెండో మాట ఒక్కటే ఉంచేవాడు.

యుగంధర్ వంతు వచ్చింది. “ఊ,” అన్నాడు. ఒక కార్డు లేపాడు. “ఊ,” ఇంకోటి తీశాడు. మూడో “ఊ”తో ఏనుగుని ఆమె కోట మీదికి తోసేశాడు.

“ఆగు. ఊ అంటే ఏ దశ?”

“ఎటాక్. తెలుస్తోంది కదా!”

“నాకెలా తెలుస్తాది? ఎటాక్ అని సెప్పుంటే నేను కందకం కార్డు ఏసీదాన్ని. సెప్పలేదు, అడగలేదు, తోసేసినావు.”

బాబీ పంచాయితీ తీర్చాడు. “చెప్పని దశ జరగనట్టే రా యుగా. ఏనుగుని వెనక్కి తీయ్.”

వెనక్కి తీసిన ఏనుగు మళ్ళీ ముందుకు రాలేదు. యుగంధర్ ఓడిపోయాడు. ఓడినవాడికి నోరు కుదురుగా ఉండదు.

“చేపల బజార్లో కేకేసినట్టు కేకలు వేస్తే ఎవడికైనా బుర్ర పనిచేస్తుందా?”

ఈసారి మాత్రం స్పష్టంగానే అన్నాడు. గదంతా విన్నది.

అరుణశ్రీ కార్డులు సర్దుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులూ లేవు.

“అవును, సేపల బజారే. మా నాన్న అప్పలసూరి ఒడ్డున సేపల ఏలంపాట పాడతాడు. ఆ గొంతే నాకొచ్చింది. రేపు పొద్దున్నే కళింగపట్నం రా. కేకంటే ఏటో సూద్దువు గాని.”

వెళ్ళిపోయింది. సంచి పట్టుకుని బుల్లమ్మ ఇంకా నిలబడే ఉంది. “మరి ఎండు అమ్మదేటిరా?”

* * *

వెళ్ళకూడదనుకున్నాడు. బండి వినలేదు.

ఒడ్డున బోట్లు ఆగాయి. ఇసుక మీద వంజరం చేపల కుప్ప. చుట్టూ కొనేవాళ్ళు. మధ్యలో అప్పలసూరి, నల్లగా, నిటారుగా, భుజాన తుండు. ఈ పాటకి తాళం లేదు, తబలా లేదు, బేరమే రాగం. ధర పలుకుతున్నాడు, పెంచుతున్నాడు, మళ్ళీ పలుకుతున్నాడు. పెద్ద పెద్ద వ్యాపారులు పెంచి పెంచి ఆగిపోయారు.

ఇక పాట కొట్టేసి సరుకు ఇచ్చేస్తాడు అనుకున్నాడు యుగంధర్. అప్పలసూరి కొట్టలేదు. ఉన్నచోటే చుట్టూ తిరిగాడు. ప్రతి ముఖం దగ్గరా చూపు ఆపాడు. అందరి వెనకాల గంప ఆనించుకుని జగ్గమ్మ అనే ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ దగ్గర మరీ ఎక్కువసేపు ఆపాడు.

“ఏటైనా ఉందా అప్పా?”

జగ్గమ్మ ఆలోచించింది. అంతమంది ఆవిడ కోసం నోరు మూసుకుని నిలబడ్డారు. చివరికి తల అడ్డంగా ఊపింది. అప్పుడు కొట్టాడు పాట.

“సూసినావా?” అరుణశ్రీ పక్కకొచ్చి నిలబడింది. “గబుక్కున కొట్టేసే పాటగాడి ముందర ఎవులూ సేప పొయ్యరు. ఎనకున్నోలకి కూడా ఇనపడాల. ఇనపడ్డాక ఆలోసించుకోనియ్యాల. అది కేక కాదు, మర్యాద.”

యుగంధర్ ముఖం వంజరం పొట్టలా తెల్లబోయింది. “సా...” అన్నాడు.

“ఏటి?”

“సారీ.”

“ఏటి? అలల్లో కొట్టుకుపోయింది.”

“సారీ!” అని అరిచాడు. ఒడ్డంతా తిరిగి చూసింది.

అప్పలసూరి తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఎవుడమ్మా ఈ గుంటడు?”

“నమస్తే బాబాయ్,” అన్నాడు యుగంధర్ మర్యాదగా.

అరుణశ్రీ అతని చెవి దగ్గరికి వచ్చి పళ్ళ మధ్య నుంచి అడిగింది. “ఆయన నీకు బాబాయైతే నేను నీకేటవుతాను?”

యుగంధర్ చుట్టాల చిట్టా గబగబా తిరగేశాడు.

“నమస్తే మావా!” అన్నాడు. ఈసారి బోట్లలో వాళ్ళకి కూడా వినపడింది. అరుణశ్రీ సముద్రం వైపు తిరిగిపోయింది. భుజాలు మాత్రం నవ్వుతున్నాయి.

* * *

విజయనగరంలో జంటల పోటీ అని బాబీ చెప్పాడు. వీళ్ళిద్దరినీ జంటగా రాయించేశాడు. కార్డుల జంటగానే లెండి, అప్పటికి.

రోజూ సాధన. ఆమె దశలు చెప్పించేది. అతను చెప్పేవాడు. “గొంతు గొంతులో కాదు, గదిలో ఉండాల,” అనేది. నెల తిరిగేసరికి అతని గొంతు గది గడప దాకా వచ్చింది. మనసులో మాట మాత్రం పెదవి గడప కూడా దాటలేదు.

ఒక సాయంత్రం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డారు. వాన రేకుల మీద దంచుతోంది. జల్లు పడకుండా అతను అడ్డం నిలబడ్డాడు.

“అరుణా, నాకు... అదే... నువ్వంటే...”

“ఏ దశలో ఉన్నావ్?”

“మెయిన్‌లోనే. దించలేకపోతన్నాను.”

ఆమె నవ్వలేదు. “సూడు యుగంధర్. వాన సాటున సెప్పి, ఇంటికాడ నోరు మూసుకునే ప్రేమ నాకొద్దు. మాది సముద్రం ఒడ్డు, మీది పొలం గట్టు. నా ఊరు, నా గంప, నా గొంతు ఏదీ దాచను. మీ నానమ్మ ముందర, మా నాన్న ముందర, పదిమందిలో సెప్పగలిగితే సెప్పు. లేదంటే ఎండ్ అనీసి ఎల్లిపో.”

బస్సొచ్చింది. ఆమె ఎక్కేసింది. అతను తడిసిపోయాడు. లోపలా బయటా.

* * *

పోటీ రోజు అప్పలసూరి కూతురికి తోడుగా వచ్చాడు. బుల్లమ్మ కూడా వచ్చింది. రామతీర్థం చూపిస్తానని బస్సెక్కించి, దారిలో చిన్న పని అని హాల్లో కూర్చోబెట్టాడు మనవడు. ఆవిడ పక్కన ఆవిడ సంచి.

ఫైనల్ దాకా గెలిచారు. ఫైనల్లో మూడు ఆటలు. మొదటిది అరుణశ్రీది.

“స్టాండ్! ఏటైనా ఉందా?”

ఎదుటి కుర్రాడు చెవులు మూసుకుని జడ్జి వైపు తిరిగాడు. “సార్, ఇది పోటీయా, చేపల బజారా?”

కొందరు కిసుక్కుమన్నారు. జడ్జి ఇబ్బందిగా, “కొంచెం మెల్లగా అమ్మా,” అన్నాడు.

అరుణశ్రీ వెనక్కి చూసింది. నాన్న తల దించుకుని తుండు సవరించుకుంటున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. తగ్గిన గొంతుతో మెయిన్ అంటే, ఎదుటివాడు ఎండ్ అని వినపడిందంటూ తన వంతు మొదలెట్టేశాడు. జడ్జికి ఏదీ వినపడలేదు. ఆట పోయింది.

రెండో ఆట యుగంధర్‌ది. కూర్చోవలసినవాడు కూర్చోలేదు.

అప్పలసూరి దించుకున్న తల అతనికి కనిపిస్తోంది. తను అరసవల్లిలో అన్న మాటే ఇది. ఆ రోజు తన నోట్లోంచి వచ్చింది, ఈ రోజు ఇంకొకడి నోట్లోంచి.

“స్టా...ండ్!”

హాలు ఉలిక్కిపడింది. ఫ్యాన్లు కూడా ఒక చుట్టు తడబడ్డట్టున్నాయి.

“ఏటైనా ఉందా?”

ప్రతి దశా చెప్పాడు. ప్రతి దశ దగ్గరా ఆగాడు. ఎదుటివాడి కళ్ళలోకి చూశాడు. చుట్టూ తిరిగి చివరి బెంచీ దాకా చూశాడు, ఒడ్డున చూసి నేర్చుకున్నట్టే. ఎదుటివాడు నవ్వుకుంటూ స్నేహితుడికి కన్ను కొడుతున్నాడు.

“ఎటాక్! ఏటైనా ఉందా?” ఆగాడు. “ఏటైనా ఉందా?” మళ్ళీ ఆగాడు. ఏనుగుని నడిపించాడు. కోట కూలింది.

“సార్, నాకు వినపడలేదు! అడ్డుకార్డు ఉంది నా దగ్గర!”

జడ్జి నోరు తెరిచేలోగా చివరి బెంచీ లేచింది. “మాకు వినపడింది సార్!” మధ్య బెంచీలు లేచాయి. “మాకూ!” గుమ్మం బయట టీ అమ్మే ఆయన కూడా తల లోపల పెట్టాడు. “నాకూ ఇనపడ్డాది బాబూ!”

జడ్జి నవ్వు ఆపుకోలేకపోయాడు. “కోట కూలింది. మూడో ఆట. అమ్మా, మెల్లగా అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

మూడో ఆట అరుణశ్రీ ఆడింది. కళింగపట్నం ఒడ్డు మొత్తం విజయనగరం హాల్లోకి దిగింది. ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా తొందర లేదు. ఎదుటివాడు బుద్ధిగా ప్రతిసారీ “ఏమీ లేదండీ” అంటూ ఓడిపోయాడు. అప్పలసూరి తల ఎత్తాడు. తుండు భుజం మీద జెండాలా నిలబడింది.

గెలుపు కప్పు అరుణశ్రీ చేతికి ఇచ్చారు. చప్పట్లు ఆగాయి. యుగంధర్ ఇంకా నిలబడే ఉన్నాడు.

“స్టాండ్,” అన్నాడు. “లేచే ఉన్నాను. డ్రా. ఇన్నాళ్ళూ లోపల దాచిన మాట ఒకటి తీస్తన్నాను. మెయిన్.”

అరుణశ్రీ చేతిలో కప్పు ఆగిపోయింది.

“కళింగపట్నం పాట పాడే అప్పలసూరి గారమ్మాయి అరుణశ్రీ అంటే నాకిష్టం. ఆ గొంతు మా ఇంట్లో ఇనపడాలని ఉన్నాది. ఎటాక్ లేదు. మావా, కొట్టాలనుకుంటే మీరు కొట్టొచ్చు.” చుట్టూ తిరిగాడు. ప్రతి ముఖం దగ్గరా ఆగాడు. అప్పలసూరి దగ్గర ఆగాడు. నానమ్మ దగ్గర మరీ ఎక్కువసేపు ఆగాడు. “ఏటైనా ఉందా?”

అప్పలసూరి మీసం చివర కాస్త పైకి లేచింది.

“నాకుంది,” అని లేచింది బుల్లమ్మ.

యుగంధర్ గుండె ఇసుకలో కూరుకుపోయింది.

“ఎండ్ మరి?”

“అంటన్నాను నానమ్మా. ఎండ్.”

“అదే అడుగుతన్నాను! అరసవల్లిలోనూ ఎండు, ఇక్కడా ఎండు. సంచి పట్టుకుని తిరుగుతన్నాను. ఈ గుంట ఎండు సేప అమ్ముతాదా, అమ్మదా?”

హాలంతా ఘొల్లుమంది. అరుణశ్రీ మైకు అక్కర్లేని గొంతుతో అందరికీ వివరించింది. మొదటి రోజు తను ఎండ్ అనడం, ఈవిడ సంచి విప్పడం, అందరూ నవ్వడం. ఆ నవ్వులోంచే ఈ జంట పుట్టడం. తర్వాత బుల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

“మామ్మా, ఎండ్ అంటే ఎండు సేప కాదు. నా వంతు అయిపోయింది, ఇక నీ వంతు అని సెప్పడం.”

బుల్లమ్మ కాసేపు నమిలింది ఆ మాట.

“అయితే ఆడి వంతు అయిపోయినట్టేనా?”

“అయిపోయింది.”

“మరి నీ వంతు కదేటే? మూగదానివా? సెప్పు!”

హాలంతా ఆమె వైపు తిరిగింది. అరుణశ్రీ జీవితంలో మొదటిసారి తల దించుకుంది.

“ఊ,” అంది.

యుగంధర్ ముందుకు వంగాడు. “ఊ అంటే ఏ దశ?”

“మాకు వినపడలేదు!” అంది చివరి బెంచీ.

అరుణశ్రీ తల ఎత్తింది.

“ఇష్టమే! ఇనపడ్డాదా?”

“అదీ మా గుంట గొంతు!” అన్నాడు అప్పలసూరి. తుండుతో కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ తిరిగి, ప్రతి ముఖం దగ్గరా ఆగి, చివరికి బుల్లమ్మ ముందు నిలబడ్డాడు. “ఏటైనా ఉందా అత్తా?”

“ఏటీ లేదు నాయనా. గట్టు మీంచి పిలిస్తే పొలం అవతలికి ఇనపడే కోడలు మా ఇంట్లో ఇంతవరకూ లేదు. కొట్టీ పాట!”

కొట్టాడు. ఆ తర్వాత ఆవిడ చేతిలోని సంచి తీసుకుని మడిచి పక్కన పెట్టాడు.

“ఇది సాలదు అత్తా. ఎండు నెత్తళ్ళు బస్తాతో పంపుతాను.”