ఎవరి బిడ్డ, తీసుకెళ్ళండి

ఆ రోజు తను నోరు మెదపకపోవడం దెయ్యాలు విన్నాయా, వినలేదా? మూడేళ్ళుగా ఖంసాయి మనసును తొలుస్తున్న సందేహం ఇదొక్కటే. చేసిన పనికి ఫలం అనుభవించక తప్పదని గుడిలో పెద్ద భిక్షువు చెబుతుంటే తలవంచి వినేది. చెయ్యకుండా ఊరుకున్నదానికి కూడా ఫలం ఉంటుందా స్వామీ అని అడగాలనుకునేది. ధైర్యం చాలేది కాదు.

ఆ ఉదయం కూడా ఊరిమీద పొగ కమ్ముకునే ఉంది. కొండమీద అడవి అంటుకుని పదిరోజులైంది. మంటలార్పే జట్టుతో వెళ్ళిన అల్లుడు ఇంకా తిరిగి రాలేదు. సూర్యుడు పుండులా ఎర్రగా లేచాడు. కూతురు విలై వెల్లుల్లి కట్టలు కట్టే షెడ్డుకు తెల్లవారకముందే వెళ్ళిపోయింది.

ఖంసాయి జిగురన్నం బుట్ట పట్టుకుని, విలై కొడుకు దిన్‌ను పాతబట్ట ముక్కతో గుండెకు కట్టుకుని, వాడి ముఖం వీధివైపు ఉండేలా సర్దుకుని భిక్షువులకు భిక్ష వెయ్యడానికి గేటు దగ్గర మోకరిల్లింది. దిన్‌కు మూడేళ్ళు నిండినా ఏడాది పిల్లాడి బరువే. రోజంతా వాడి మెడ వాడిన కాడలా వాలిపోయే ఉంటుంది. కాషాయాలు వీధి మలుపు తిరగ్గానే మాత్రం వాడు మెల్లగా తలెత్తుతాడు. భిక్షువులు నలుగురూ దాటేదాకా ఆ తల అలాగే నిలబడుతుంది.

భిక్షువులను చూసి దెయ్యాలు కాసేపు పట్టు వదులుతున్నాయని ఖంసాయి నమ్మకం. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ బిగిస్తాయి.

గిన్నెలోకి నీళ్ళు ధారపోస్తూ పుణ్యం పంచింది. "ఇది నా కూతురు విలైకి. ఇది అల్లుడికి. ఇది విలై కొడుక్కి."

ఇంట్లోకొచ్చి వాణ్ణి చాపమీద వెల్లకిలా పడుకోబెట్టింది. కూర్చోబెడితే తల వాలిపోయి నోట్లోదంతా కారిపోతుంది. పడుకోబెడితే ఎలాగో దిగుతుంది. ఆ ఊళ్ళో మెడ నిలవని పిల్లలకు అందరూ అలాగే పెడతారు. గుమ్మడికాయ మెదిపిన గంజి నాలుగు చెంచాలు దిగాయి. ఐదో చెంచాకు పొలమారింది. వాడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఒళ్ళు విల్లులా వంగింది. పైన దూలం మీద పెద్దబల్లి అరిచింది. పగటిపూట బల్లి అరిస్తే ఆ ఇంటికి మంచిది కాదు.

చలికాలం మొదలైనప్పటినుంచి ఇప్పటికి ఐదు జ్వరాలు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని, ఇంకో జ్వరాన్ని తట్టుకోలేడని ఆసుపత్రిలో చెప్పారు. ఇంటికొచ్చి పిల్లాణ్ణి చూసుకోవడం నేర్పే మనిషిని పంపుతామని కూడా చెప్పారు.

మోటారుసైకిలు శబ్దం వినబడింది. ఖంసాయి గబగబా కిటికీ మూసి, గడియపెట్టి, వాణ్ణి ఒళ్ళో అదుముకుని వెనకగదిలో కూర్చుంది.

"పెద్దమ్మా, నేను ఆసుపత్రి నుంచి రచనీని. ఇంట్లో ఉన్నారా?"

దిన్ దగ్గాడు. ఖంసాయి వాడి ముఖాన్ని తన రవికెకేసి నొక్కుకుంది. తర్వాత గేటుకు కాగితం గుచ్చిన చప్పుడు, మోటారుసైకిలు వెళ్ళిన చప్పుడు. ఖంసాయి ఆ కాగితాన్ని తెచ్చి బియ్యం కుండ కింద పెట్టింది. అక్కడ అలాంటివి ఇంకో ఆరున్నాయి.

*

మధ్యాహ్నం రెండుకే విలై వచ్చేసింది. చేతుల నిండా వెల్లుల్లి వాసన. ఖంసాయి అప్పుడే దిన్‌కు రెండోపూట గంజి పెడుతోంది.

"అమ్మా, ఆసుపత్రి నుంచి రచనీగారు ఎప్పుడైనా వచ్చారా?"

"ఏ రచనీ?"

"బాగుంది. ఆవిడ ఇవాళ షెడ్డుకొచ్చి నన్ను వెతికి పట్టుకుంది. మొదటిసారి నువ్వు గేటు దగ్గర కనబడ్డావట. తర్వాత ఏడుసార్లు వచ్చిందట. ఏడుసార్లూ తలుపు వేసుందట. ఆవిడ రావట్లేదని నాతో చెప్పావు కదా."

"గాలికి పడుంటుంది తలుపు."

"గాలి గడియ కూడా పెడుతుందా? ఇవాళ లోపల్నించి వీడి దగ్గు వినబడిందట ఆవిడకి."

ఖంసాయి ఇంకో చెంచా పెట్టింది.

"అంతమంది మధ్య నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీ అమ్మకి నామీద కోపమా అని అడిగింది పాపం. నేనేం చెప్పను? భిక్షువుల ముందు పొద్దున్నే మోకాళ్ళమీద కూర్చుంటావు. ఇంటికొచ్చి అబద్ధమాడతావు."

"నువ్వు నాకు ధర్మం చెప్పకు."

"చెప్పను. ఒక్కటి అడుగుతాను. మూడేళ్ళలో ఒక్కసారైనా వీణ్ణి 'నా మనవడు' అన్నావా? విలై కొడుకు, విలై కొడుకు. నీళ్ళు ధారపోసేటప్పుడు కూడా అదేమాట. నేను విననిదెప్పుడు?"

ఖంసాయి చేతిలో చెంచా ఆగిపోయింది. అప్పుడే దిన్ గొంతులో ఏదో గురగురలాడింది. దగ్గు కూడా రాలేదు. కళ్ళు తేలిపోయాయి. విలై ఒక్క ఉదుటున వాణ్ణి ఎత్తి నిలువుగా భుజాన వేసుకుని, ముందుకు వంచి వీపు మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు. బల్లి మళ్ళీ అరిచింది. నాలుగో దెబ్బకు గంజి బయటికొచ్చి వాడు సన్నగా ఏడిచాడు.

ముగ్గురూ చాపమీద కూలబడ్డారు.

"వీణ్ణి దెయ్యాలకు అప్పగించింది నేనే," అంది ఖంసాయి.

"ఏమంటున్నావు?"

"వీణ్ణి ఆసుపత్రి గాజుపెట్టెలోంచి ఇంటికి తెచ్చిన రోజు. మన ఊరి ముసలి మంత్రసాని సెంగ్‌లా అవ్వ వీణ్ణి వెదురుచేటలో పడుకోబెట్టి ఊపింది. 'మూణ్ణాళ్ళు దెయ్యం బిడ్డ, నాలుగోనాడు మనిషి బిడ్డ. ఎవరి బిడ్డ, తీసుకెళ్ళండి' అంది. నిన్ను కన్నప్పుడు మా అమ్మ వెంటనే 'నా బిడ్డ' అని నాణెం ఇచ్చి కొనుక్కుంది. నా గుప్పిట్లోనూ నాణెం ఉంది. అప్పుడే వీడు నీలంగా మారి ఒళ్ళు విరుచుకున్నాడు. నాకు నోరు పెగల్లేదు."

"భయపడ్డావు. దానికేం?"

"భయం కాదే. తీసుకుపోతే తీసుకుపోనీ అనుకున్నాను. నా కూతురు చిన్నది, బతుకంతా దీన్ని మొయ్యాలా అనుకున్నాను. సెంగ్‌లా అవ్వ మూడుసార్లు అడిగింది. చివరికి చేట కింద పెట్టి వెళ్ళిపోయింది. మరుసటేడు ఆవిడే పోయింది." ఖంసాయి చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంది. "మొన్న చలికాలంలో ఆ రచనీ గేటు దగ్గర నిలబడి వీణ్ణి చూసి మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? 'ఎవరి బిడ్డ పెద్దమ్మా?' అని. నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. నావైపు నుంచి జవాబు రాలేదని అవే ఆవిణ్ణి అడగడానికి పంపాయనుకున్నాను."

విలై కొడుకు తలమీద చెయ్యివేసి కూర్చుంది. కిటికీ సందుల్లోంచి పొగ లోపలికి వస్తోంది.

"ఆ రోజు నేను పక్కనే పడుకునున్నాను," అంది చివరికి. "నువ్వంటావేమోనని చూస్తున్నాను. నువ్వు అనకపోయేసరికి..." ఆగింది. "అనకపోయేసరికి నాక్కూడా కాస్త ఊపిరాడినట్టయిందమ్మా. నా బిడ్డ అని నేను అనొచ్చుగా? నేనూ అనలేదు."

ఖంసాయి కూతురి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఒకే కప్పుకింద, ఒకే కుండలో అన్నం తింటూ, ఇద్దరూ ఒకే ముల్లును చెరోవైపు నుంచి మింగుతూ వచ్చారు. విలై తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడిచింది. ఖంసాయికి ఓదార్చడం తెలియలేదు. వెల్లుల్లి వాసన వేసే ఆ జుట్టును నిమురుతూ కూర్చుంది.

*

మర్నాడు తెల్లవారకముందే రచనీ వచ్చింది. విలై రమ్మని కబురుపెట్టింది. ఏడుసార్ల సంగతి ఆమె ఎత్తలేదు. మెట్లమీద కూర్చుని ఖంసాయినే అడిగింది.

"రోజు మొత్తంలో మీ ఇద్దరికీ బాగుండే వేళ ఏది పెద్దమ్మా?"

"మీరు వాడికేదో చేస్తారనుకున్నాను డాక్టరమ్మా."

"నేను డాక్టర్ని కాదు. వారానికి ఓ గంట వచ్చేదాన్ని, నేను చేస్తే ఏమొస్తుంది? రోజంతా ఉండేది మీరు. చెప్పండి."

ఖంసాయి ఆలోచించింది. "భిక్ష వేసే వేళ."

"అయితే ఎప్పటిలాగే వెయ్యండి. నేను చూస్తాను."

ఖంసాయి దిన్‌ను గుండెకు కట్టుకుని మోకరిల్లింది. మలుపులో కాషాయాలు కనబడ్డాయి. దిన్ తల లేచింది. భిక్షువులు దాటి వెళ్ళారు. ఖంసాయి లేవబోతుంటే రచనీ ఆపింది.

"కదలకండి పెద్దమ్మా. కట్టు విప్పకండి. విలైగారూ, గంజి ఇటు తెండి. ఇంకాస్త చిక్కగా ఉండాలి. చెంచా కింద నుంచి, వాడు చూసేలా."

"ఇప్పుడా? వాళ్ళు వెళ్ళిపోయారు. మెడ వాలిపోతుంది."

"మీ గుండె వాడి వీపుకు ఆనుకునుంది. మీ చెయ్యి వాడి తుంటిని పట్టుకునుంది. అందుకే మెడ నిలబడుతోంది. ఇంత బాగా పట్టుకోవడం నేను ఒక్కోచోట నెలరోజులు నేర్పినా రాదు. మీరు మూడేళ్ళ నుంచీ చేస్తున్నారు. తిండివేళకూ ఇలాగే పట్టుకోండి. పడుకోబెట్టి మాత్రం పెట్టొద్దు."

ఒక చెంచా దిగింది. రెండు. ఐదోదానికి ఖంసాయి కళ్ళు మూసుకుంది. దగ్గు రాలేదు. ఏడో చెంచా తర్వాత వాడు పెదవులు చప్పరించాడు. ఊపిరితిత్తులు కోలుకుంటాయని మాటివ్వలేనని, ఆసుపత్రికి చూపించడం మానొద్దని రచనీ చెప్పింది. పొగ అలాగే ఉంది. కొండమీద మంట ఇంకా ఆరలేదు. పట్టు వదిలించింది భిక్షువులా, తన చేతులేనా? ఖంసాయి ఎటూ తేల్చుకోలేకపోయింది.

విలై లోపలికెళ్ళి వంటింటి గోడకున్న వెదురుచేట తెచ్చింది. దిన్‌ను అందులో కూర్చోబెట్టి, వీపుకు తన మోకాలు ఆనించింది. వాడి కాళ్ళు అంచు దాటి బయట వేలాడుతున్నాయి.

"రచనీగారూ, మొదటిరోజు గేటు దగ్గర మా అమ్మనేమని అడిగారు?"

"ఏమడిగాను? ఎవరి బిడ్డ అని అడిగుంటాను. ఏం, తప్పా?"

"మళ్ళీ అడగండి."

రచనీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆమెది దేశంలో దక్షిణపు కొస, ఈ ఉత్తరపు కొండల తంతు తెలియదు. అయినా అడిగింది. "ఎవరి బిడ్డ?"

ఖంసాయి బుద్ధుడి అర దగ్గరికి వెళ్ళి, దీపపు ప్రమిద కింద నుంచి ఏదో తీసుకొచ్చింది.

"నా బిడ్డ. నా మనవడు. నేను తీసుకుంటున్నాను."

ఆ రోజు గుప్పిట్లోనే ఉండిపోయిన, ఇప్పుడు నల్లబడిపోయిన ఒక్క భాత్ నాణెం రచనీ చేతిలో పెట్టింది.

"అయ్యో పెద్దమ్మా, మేం డబ్బులు తీసుకోకూడదు."

"తీసుకోవాలి," అంది విలై, ఏడుస్తూనే నవ్వుతూ. "మీరు తీసుకోకపోతే వాడు మావాడు కాడు."

రచనీకి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ ముసలామె కళ్ళలోకి చూసి, మెల్లగా గుప్పిట మూసింది.