నాన్న తినని నట్టో

తొమొయె ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. ఆ నట్టో తిన్నది నాన్న కాదు, తను.

సోయా సాస్ పులియబెట్టే ఇంట్లోకి నట్టో, అంటే జిగురొచ్చేలా పులియబెట్టిన సోయా గింజల వంటకం, గడప దాటి రాకూడదు. తీగలు సాగే ఆ గింజల జిగురు చేతికంటుకుని వచ్చిందా, వెచ్చటి గదిలో సాస్ కోసం బూజు పట్టిస్తున్న సోయా గింజలు మొత్తం పాడైపోతాయి. ఆరేళ్ళ కిందట స్నేహితురాలి ఇంట్లో ఒక్క గిన్నె తిని, చేతులైనా కడుక్కోకుండా ఆ గదిలోకి వెళ్ళింది తొమొయె. మూడో రోజుకి సరుకంతా జిగురు. తాతయ్య కొడుకు మీద విరుచుకుపడ్డాడు. "పట్నం తిళ్ళు మరిగావురా. ఇక ఈ గదిలో అడుగుపెట్టకు!" నాన్న సెకిజో తలవంచుకుని గది బయటికి నడిచాడు. మర్నాడే పడవెక్కి దీవి దాటిపోయాడు. తాతయ్య పోయినప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు పనంతా తొమొయెదే. ముందటేడు సరుకు చెడింది. నిరుడూ చెడింది. ఈసారీ చెడితే కొట్టు మూసేస్తానంది నాన్నమ్మ.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. పక్కింటి హిసనో ఖాళీ సీసా ఊపుకుంటూ వచ్చింది.

"మీ సాస్ అయిపోయిన దగ్గర్నుంచీ మా ఆయనకి నా వంట రుచి తెలిసిపోతోంది పెద్దమ్మా!"

"ఈ గింజలు దక్కనీవే. పై ఏటికి నీ మొగుడి నోరు మూయిస్తాను," అంది నాన్నమ్మ.

తొమొయెకి నవ్వు రాలేదు. మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని వెచ్చటి గదిలోకి వెళ్ళింది. లోపల చీకటి, ఉక్క, గింజల్లో కలిపిన వేయించిన గోధుమల కమ్మటి వాసన. చెక్క పళ్ళేల్లో గింజల మీద పుప్పొడిలా లేత బూజు. వేళ్ళతో మెల్లగా తిరగేయసాగింది. ఒక పళ్ళెం. రెండు. మూడోదాంట్లో చెయ్యి పెట్టగానే...

నట్టో వాసన.

చెయ్యి పైకి లాగింది. వేళ్ళ నుంచి సన్నటి తీగ సాగింది... తెగలేదు.

"ఒట్టు, నేను మళ్ళీ ముట్టలేదు..." అని గొణిగింది.

"మరి అప్పుడు తిన్నదెవరు?"

చెవి పక్కనే. తాతయ్య గొంతు.

తొమొయె కదల్లేదు. మెడ మీద చల్లటి ఊపిరి. తీగ బిగుసుకుంది... అవతలి కొస ఎవరో చుట్టుకుంటున్నట్టు.

"ఎవరు?"

"నేనే తాతయ్యా... నాన్న కాదు. నేనే."

తీగ పుటుక్కున తెగింది.

వెనక్కి వెనక్కి నడిచి బయటపడింది. తలుపు మూసి గడియ పెట్టింది. వంటింట్లోంచి నాన్నమ్మ కేకేసింది. "ఎవరితోనే ఆ గుసగుసలు? గింజలకి కబుర్లు చెబుతున్నావా?"

 గడియ పెట్టిన తలుపు వెనక పళ్ళెం జరిగిన చప్పుడు.

"విన్నావా, సెకిజో?" అన్నాడు తాతయ్య.

 తర్వాత ఇంకో గొంతు... ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని గొంతు, మెల్లగా, అలసటగా.

"నాకు అప్పుడే తెలుసు నాన్నా. చిన్నపిల్ల కదా, పోనీ."

చచ్చిపోయిన తాతయ్యతో నాన్న మాట్లాడుతున్నాడంటే... తొమొయె కొట్టులోకి పరిగెత్తింది.  నాన్న నంబరు వెతికింది. ఇన్నేళ్ళూ ఏమని చెప్పాలో తెలియక చెయ్యని ఫోన్. ఇప్పుడు చేస్తుంది. తను ఏమీ చెప్పలేకపోయినా సరే... అటువైపు నాన్న ఎత్తితే చాలు.