సొరంగంలో చప్పుడు

ఆ సొరంగానికి మంచి పేరు లేదు. రైలు పట్టాలు పీకేసి ఆ దారిని సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశాక, కొండ కింద అదొక్కటీ నల్లగా నోరు తెరుచుకుని మిగిలిపోయింది. చీకటి పడ్డాక అందులో ఒక ఆడమనిషి సైకిలు తొక్కుతుందని చెప్పుకుంటారు. మనిషి కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతుంది — టక్... టక్... టక్...

ఆవిడ ఎలా పోయిందని అడిగితే నోటికో కథ. కాలు జారి పడిందని ఒకరు, ఎవడో గొంతు నులిమాడని ఇంకొకరు. అందరూ ఒప్పుకునే మాట ఒక్కటే — "ఆ వేళప్పుడు ఒంటరిగా ఎందుకెళ్ళినట్టో!" చచ్చి దెయ్యమైనా ఆ ప్రశ్న మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

ఆ దారినే రోజూ ఇంటికి పోయేది సైకిలు షాపు పిల్ల. చేతిలో ఎప్పుడూ స్పానరు ఉంటుందని అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. షాపు ఆమె బాబాయిది, రిపేర్లు ఆమెవి. మెయిన్ రోడ్డు మీద వెళ్తే లారీలు మోచేతిని రాసుకుంటూ పోతాయి. సొరంగం దారిలో లారీలు లేవు. లైట్లూ లేవు.

ఆ వారం రెండు సాయంత్రాలు వరసగా, లైటు లేని సైకిలు మీద ఒకడు వెంట వచ్చాడు. ఆమె ఆగితే ఆగాడు. కదిలితే కదిలాడు.

స్టేషనుకి వెళ్ళి చెప్పింది. కానిస్టేబులు పెన్ను మూతైనా తియ్యలేదు.

"ఏమన్నా అన్నాడా?"

"అనలేదు."

"ముట్టుకున్నాడా?"

"లేదు."

"మరి ఏం చేశాడని రాయమంటావమ్మా? అయినా నీకు ఆ దారెందుకు?"

బాబాయి కారప్పొడి పొట్లం కట్టిచ్చాడు. షాపుకొచ్చినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు: ఈల పెట్టుకో, చెవుల్లో పాటలు పెట్టుకోకు, జుట్టు ముడేసుకో, ఎవరినైనా తోడు తీసుకెళ్ళు. అన్నీ ఆమె చెయ్యాల్సినవే. వాడు చెయ్యాల్సింది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో చెప్పే వీల్లేదు. చెబితే అన్నయ్య వాడికోసం వెతకడు, ఈమె సైకిలుకి తాళం వేస్తాడు. సైకిలు లేకపోతే షాపు లేదు. అమ్మ ఏమంటుందో తెలీదు. పెళ్ళికి ముందు ఆవిడ కూడా బట్టల మిల్లులో షిఫ్టులు చేసి ఆ దారినే సైకిలు మీద వెళ్ళేదట. కానీ సొరంగం మాటెత్తితే చాలు, పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచిపోయేది.

మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నర్సమ్మ బ్రేకులు బిగించమని వచ్చింది. చెయిన్ కవరు లోపలికి వంగి ఉంది. స్పానరు సుత్తి అందుకుంది.

"దాని జోలికి పోకు తల్లీ. బ్రేకులు చాలు."

"డబ్బులేం తీసుకోనమ్మా, ఒక్క దెబ్బ కొడితే..."

"వద్దన్నానా!"

ముక్కు మీదే కోపం ఈవిడకి, అనుకుని సుత్తి పక్కన పెట్టేసింది.

చీకటి పడుతుండగా షాపు మూసి బయల్దేరింది. ఊరందరి చెయిన్లూ బిగించే మనిషి, వదులైన తన చెయిన్ మాత్రం రేపు చూసుకుందామని రోజూ వాయిదా వేస్తోంది. సరిగ్గా సొరంగం మధ్యకి వచ్చేసరికి... అది ఊడింది.

చక్రం ఆగింది. చక్రంతో పాటు డైనమో. డైనమోతో పాటు వెలుగు.

వెనక కంకర మీద టైర్లు కరకరలాడాయి. ఆగాయి. ఎవరో స్టాండు వేసిన చప్పుడు.

"ఎందుకంత తొందర...?"

మొదటిసారి వాడు మాట్లాడాడు. ఆమె చేతిలోని స్పానరుని బిగించి పట్టుకుంది. అరిస్తే వినేవాళ్ళెవరు? విన్నవాళ్ళు మాత్రం ఏమంటారు — ఆ వేళప్పుడు ఒంటరిగా ఎందుకెళ్ళినట్టో!

అడుగులు దగ్గరయ్యాయి.

అప్పుడు — ఎదురుగా — చీకట్లోంచి...

టక్...

అడుగులు ఆగాయి.

టక్... టక్...

"ఎ... ఎవరది?" అన్నాడు వాడు.

గోడలు ఆ చప్పుణ్ణి పట్టుకుని పదింతలు చేసి విసిరాయి. తెల్లగా ఏదో, నేలను తాకకుండా, గాల్లో తేలుతూ వస్తోంది... టక్, టక్, టక్, టక్ —

వాడు సైకిలు మాట మరిచిపోయాడు. "అమ్మోయ్!" అన్న కేక సొరంగం బయటిదాకా వాడితోపాటే పరిగెత్తింది.

చప్పుడు ఆమె పక్కకొచ్చి ఆగింది. అంతలో ఆసుపత్రి మందు వాసన... చెయ్యి చాచి తడిమింది. వేళ్ళకి వంగిన రేకు తగిలింది. పెడల్ తిరిగినప్పుడల్లా దానికి కొట్టుకుంటుంది.

"నర్సమ్మా... చెయిన్ కవరు...?"

"ష్... దెయ్యాలు మాట్లాడవు," అంది తెల్ల కోటు.

టార్చి వెలుగులో చెయిన్ ఎక్కించుకుంటుంటే, నర్సమ్మ గుసగుసగా చెప్పింది. "లైట్లు వెయ్యమని కాళ్ళరిగేలా తిరిగాం. రాత్రిపూట ఆడాళ్ళకి అక్కడేం పని అన్నారు. లైటు లేనిచోట దెయ్యమైనా ఉండాలిగా? డ్యూటీ దిగేవాళ్ళం వంతులేసుకుంటాం. ఈ దెయ్యాన్ని నేను పుట్టించలేదు. నా ముందున్నావిడ అప్పజెప్పింది. ఎవరికీ చెప్పకు. చెప్పిన రోజున దెయ్యం చస్తుంది, ఆ వెధవ బతుకుతాడు."

ఆమెకంటే ముందే కబురు ఇల్లు చేరింది.

"విన్నావా?" అన్నాడు అన్నయ్య గుమ్మంలోనే. "సొరంగంలో దెయ్యం ఎవణ్ణో తరిమిందట. పాపం, సైకిలు కూడా వదిలేసి పరిగెత్తాడట!"

పాపం. ఆ మాటకి ఆమె ఒళ్ళు మండిపోయింది.

"రేపట్నుంచి నువ్వు ఆ దారిన వెళ్ళడానికి వీల్లేదు. అసలు ఆ షాపే మానెయ్."

నిజం చెబితే దెయ్యం చస్తుంది. చెప్పకపోతే దారి మూసుకుపోతుంది. పళ్ళు నూరుకుంది.

"ఆ దెయ్యం ఆడవాళ్ళ జోలికి రాదు అన్నయ్యా."

"ఎవరు చెప్పారు?"

"దెయ్యమే."

వంటింట్లోంచి అమ్మ పిలిచింది. లోపలికి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసింది.

"ఇంకా చెయిన్ కవరేనా?"

స్పానరు చప్పున అమ్మ వైపు తిరిగింది.

"మొదట్లో బెల్లు కొట్టేవాళ్ళం," అంది అమ్మ మెల్లగా. "బెల్లుకి ఎవడూ భయపడేవాడు కాదు. కవరు వంచింది నేనే."

"అంటే... నీ రోజుల నుంచీనా?" పిల్లకి కోపం తన్నుకొచ్చింది. "ఇన్నేళ్ళలో ఒక్క లైటు కూడా వెయ్యలేదా అమ్మా?"

"వేస్తామన్నారే. నువ్వు పుట్టకముందే అన్నారు."

ముందు గదిలోంచి అన్నయ్య గట్టిగా అరిచాడు. "చెప్పింది వినబడిందా? రేపట్నుంచి సైకిలుకి తాళం!"

అమ్మ దీపం ఆర్పేసింది. చీకట్లో గరిటె తీసి గిన్నె అంచు మీద, తీరిగ్గా —

టక్... టక్... టక్...

ముందు గదిలో కుర్చీ కిందపడింది.

"అమ్మా... ఏమిటా చప్పుడు? అమ్మా...!"

ఇద్దరిలో ఒక్కరూ పలకలేదు.