చురుక్కుమనే గొట్టం

“మా బావమరిది నన్ను చంపాలని చూస్తున్నాడండీ!” అంటూ డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చారు లెక్కల మాస్టారు. ఆయన బొటనవేలికి కట్టు ఉంది.

ఇంటి వెనక షెడ్డులో చెక్కపని చేయడం ఆయన సరదా. రంపపు మిషను రేపే పొట్టును పీల్చడానికి బావమరిది ప్లాస్టిక్ గొట్టం బిగించి ఇచ్చాడు. కొంతకాలంగా దాన్ని ముట్టుకుంటే చాలు, చురుక్కున కొడుతోంది. మొన్న ఆ అదురుకి వేలు రంపానికి తగిలింది. మాస్టారు బావమరిదిని ఇంట్లోంచి గెంటేశారు.

“ఎలక్ట్రీషియన్ ఏమన్నాడు?” అడిగింది డిటెక్టివ్.

“టెస్టర్ వెలగలేదు, కరెంటే లేదంటాడు. మరి కొట్టేదేమిటి? నాకు పిచ్చెక్కుతోంది!”

పక్కనే ఉన్న ఆమె అసిస్టెంటుకీ బుర్ర తిరిగింది. కరెంటు లేని షాకేమిటి?

షెడ్డుకెళ్లి, మిషను ఆగి ఉండగా గొట్టాన్ని డిటెక్టివ్ పట్టుకుంది. ఏమీ కాలేదు. మిషను వేయించి, కాస్త పొట్టు పీల్చనిచ్చి వేలు దగ్గర పెట్టింది. చిటుక్కుమంది. గొట్టమంతా దుమ్ము పేరుకుంది, దాని చుట్టూ మెలితిరిగిన సన్నని చార మాత్రం శుభ్రంగా ఉంది. అసిస్టెంటు ఆ చారనే చూస్తూ ఉండిపోయాడు. ఏమీ అంతుపట్టలేదు.

“అమ్మా, ఈ గొట్టాన్ని ఎవరైనా కదిపారా?” మాస్టారి భార్యను అడిగింది డిటెక్టివ్.

“నాకేం తెలుసండీ? ఆ తీగ జోలికి నేనెప్పుడూ పోలేదు.”

సాయంత్రం బావమరిదినీ పిలిపించి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

“పొడి పొట్టు ప్లాస్టిక్‌ని రాసుకుంటూ పోతే పుట్టే స్థిర విద్యుత్తు ఇది. ఉన్ని స్వెట్టర్ విప్పితే చిటపటలాడుతుందే, అదే. మనిషిని చంపదు, ఉలిక్కిపడేలా చేస్తుంది. అందుకే మీ బావమరిది గొట్టం చుట్టూ రాగితీగ చుట్టి, ఆ విద్యుత్తు పోయేలా భూమిలోకి దింపాడు. ఆ చార దాని జాడే. తీగని ఎవరో విప్పేశారు.”

“ఇంకెవరు, వీడే!” అరిచారు మాస్టారు.

“గొట్టం గురించి అడిగితే తీగ మాటెత్తింది ఒక్కరే.”

అందరూ మాస్టారి భార్య వైపు తిరిగారు. ఆమె కళ్లు ఒత్తుకుంది.

“తీగ లేకపోతే చురుక్కుమంటుందని బిగించేటప్పుడు తమ్ముడే చెప్పాడు. ఈయనకి దుమ్ము పడదని డాక్టరు నాతో అన్నాడు. రాత్రంతా దగ్గే. నాలుగు షాకులు తగిలితే భయపడి చెక్కపని మానేస్తారనుకున్నా. వేలు తెగుతుందనుకోలేదు. నింద తమ్ముడి మీద పడేసరికి చెబుదామంటే నోరు రాలేదు.”

“దుమ్ము సంగతి నాతో చెప్పొచ్చుగా?” మాస్టారి గొంతు తగ్గిపోయింది.

“రోజూ చెప్పాను. మిషను మోతలో మీకు వినపడలేదు.”

మాస్టారు బావమరిది భుజం పట్టుకుని, “నిన్ను అనవసరంగా గెంటేశానురా” అన్నారు.

“ముందు ఆ దగ్గుకి డాక్టరు దగ్గరికి పద బావా” అన్నాడతను. “తీగ తర్వాత చుడతాను.”