అత్తగారికీ ఎర్రగుర్తే

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడేది మామగారు. అత్తగారు అద్దం ముందు తెల్లచొక్కా భుజాలకి పట్టీలు తగిలించుకుంటూ ఉంటుంది. కోడలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, పక్కన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా టకటకలాడిస్తూ ఉంటుంది. కొడుకు ఎక్కడో దూరాన విమానాల మెకానిక్కు, సెలవు దొరికితేనే వస్తాడు. కాబట్టి ఈ ఇద్దరి మధ్యా నలిగే భాగ్యం పూర్తిగా మామగారిదే.

అత్తగారు చిన్న విమానాలు నడపడం నేర్పే బడిలో పెద్ద టీచరు. పెద్ద పెద్ద విమానాలు నడిపేవాళ్ళు కూడా ఆవిడ కనిపిస్తే చేతులు కట్టుకుంటారు. ఏ విమానం ఎవరు ఎక్కాలి, ఏది మరమ్మతుకి వెళ్ళాలి, ఏ టీచరు వైద్యపరీక్ష గడువు ఎప్పుడు తీరుతుంది, ఇవన్నీ ఇన్నాళ్ళూ బడి గోడమీద ఓ తెల్లబోర్డులో ఉండేవి. ఆ బోర్డుని సాఫ్ట్‌వేరుగా మార్చింది కోడలు. అది ఆమె సొంత కంపెనీ. ఈ బడే మొదటి బేరం. "కొన్నాళ్ళు వాడి చూస్తాం. మేడమ్ ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే తీసేస్తాను" అని యజమాని ముందే తేల్చేశాడు. మేడమ్ అంటే ఎవరో కాదు, అత్తగారే.

"ఇవాళ నా శిష్యురాలు మొదటిసారి ఒంటరిగా ఎగురుతుంది," అంది అత్తగారు టోస్టు కొరుకుతూ. "ముందు నేను పక్కన కూర్చుని ఓ చుట్టు తిప్పించి దిగిపోతాను. వాళ్ళమ్మా నాన్నా కూడా వస్తున్నారు. నీ యాప్ మధ్యలో తిక్కవేషాలు వెయ్యదు కదా?"

"వెయ్యదత్తయ్యా. అది పంపే మెసేజీలు చూస్తున్నారా?"

"అవి చూస్తూ కూర్చుంటే పాఠం చెప్పేదెవరు, మీ మామయ్యా?"

"నేనెందుకు చెప్పనూ? గుడ్లనైతే పెనం మీంచి ఎంత ఎత్తుకైనా ఎగరేస్తాను," అన్నాడు మామగారు గుడ్లు వేయిస్తూ. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

బడిలో తాళాలిచ్చే కౌంటరు మీద ఇప్పుడో తెర ఉంది. టీచరు పేరు నొక్కితే పచ్చగుర్తు రావాలి. వస్తేనే తాళం చేతికిస్తారు. ఆ పొద్దున అత్తగారు తన శిష్యురాలితో, ఆ పిల్ల తల్లిదండ్రులతో కబుర్లాడుతూ కౌంటరు మీద చెయ్యి చాపింది. చేతిలో తాళం పడలేదు.

"మేడమ్... ఎర్రగా వచ్చింది," అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి.

"ఏమొచ్చింది విమానానికి?"

"విమానం బాగానే ఉంది మేడమ్. ఎరుపు మీకు."

కళ్ళూ గుండే చూసి డాక్టరు సరేనంటేనే ఎవరైనా విమానం నడపాలి. ఆ వైద్యపరీక్ష గడువు అత్తగారికి దాటిపోయింది. అది ఎలా జరిగిందో చెబితే నవ్వొస్తుంది. పాత బోర్డులో ఆవిడ పేరు అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, శీర్షికలా ఉండేది. గడులూ తేదీలూ కింద వరసలో ఉన్న మిగతా టీచర్లకి. శీర్షికకి గడువేమిటి? అందరి వెంటా పడి పరీక్షలకి తరిమే మనిషికి తన పరీక్ష గుర్తుచేసే గడి ఒక్కటీ లేదు. దీపం కింద చీకటంటే ఇదే. సాఫ్ట్‌వేరుకి శీర్షికలు తెలియవు. అది ఆవిడనీ వరసలోనే నిలబెట్టింది.

తన తెర ఎలా పనిచేస్తోందో చూడ్డానికి కోడలూ ఆ పొద్దున బడికి వచ్చింది. అత్తగారు ఆమెని పక్కగదిలోకి పిలిచింది.

"ఆ ఎరుపు తీసెయ్. ఇవాళ్టికి. రేపు వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను."

"తియ్యనత్తయ్యా."

"తియ్యడం రాదా?"

"వచ్చు. తియ్యను."

ఇంకో టీచరు ఆ పిల్లని తీసుకెళ్ళాడు. చుట్టు తిరిగొచ్చి తను దిగిపోయాడు. పిల్ల ఒంటరిగా లేచింది, చక్కగా వాలింది. కన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అత్తగారు కంచె దగ్గర నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాత ఎవరితోనూ చెప్పకుండా ఇంటికొచ్చేసింది.

సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి. అత్తమీద కోపం దుత్తమీద చూపడం లోకంలో ఉన్నదే. ఇక్కడ కోడలిమీద కోపం కూడా దుత్తకే తగులుతోంది.

"పదిమందిలో నా తల తీసేశావు," అంది అత్తగారు వెనక్కి తిరగకుండానే. "ఇన్నేళ్ళు ఎగిరిన మనిషిని, గుమాస్తా చేత ఆపించావు."

"నేను ఆపలేదత్తయ్యా..."

"అది తయారుచేసిందెవరు?"

"నేనే."

"తియ్యమంటే తియ్యనన్నదెవరు?"

"నేనే."

"మరింకేం! ఒకే ఇంట్లో ఉంటాం. గడువు దాటుతోందని ఓ మాట ముందే చెప్పకూడదూ?"

"నాకు తెలిస్తేగా? ఎవరి వైద్యం సంగతి వాళ్ళకే కనబడాలి, తయారుచేసినవాళ్ళకి కూడా కనబడకూడదని పట్టుబట్టింది మీరే. మెసేజీలు మీకు వచ్చాయి. మీరు చూడలేదు."

మామగారు స్టవ్వు ఆపి, మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఆయనకీ జోకు తట్టలేదు.

"సరే, తప్పు నాదే అనుకో," అంది అత్తగారు. "నాకోసం ఒక్కరోజు కళ్ళు మూసుకోలేకపోయావా? నేను పరాయిదాన్నా?"

కోడలు లాప్‌టాప్ సంచీ బల్లమీద పెట్టింది. తర్వాత మాటలు తన్నుకొచ్చాయి.

"ఒకసారి మూసుకున్నానత్తయ్యా. పెద్ద టీచరుకి ఎరుపు రాకుండా మొదట్లోనే ఓ దొడ్డిదారి పెట్టాను. మీకు కోపం వస్తే కంపెనీ మునుగుతుందని భయపడి పెట్టాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ కాపలా పెట్టి, మా ఇంటి మనిషికి మాత్రం లేకుండా చేస్తున్నానే అనిపించింది. మీరూ రోజూ ఆ విమానాలే ఎక్కుతారు కదా! మీకేమన్నా అయితే నేను మీ అబ్బాయికేం చెప్పను? మామయ్యకేం చెప్పను? తెల్లారి లేచి తీసేశాను. యజమాని వద్దంటే వద్దననివ్వండి. కంపెనీ పోతే పోనీ."

అత్తగారు గిన్నె గట్టుమీద పెట్టింది. తడిచేతులు తుడుచుకోవడం మర్చిపోయి అలాగే నిలబడింది. ఇన్నేళ్ళలో తను ఎంతమందికో కాపలా కాసింది గానీ, తనకీ ఒకరు కాపలా కాస్తారని ఎప్పుడూ అనుకోలేదు. అదీ ఎదురు తిరిగి, బతుకుతెరువు పణంగా పెట్టి.

అప్పుడే ఫోను మోగింది. యజమాని. ఆవిడ చేతులు తడిగా ఉన్నాయని మామగారు స్పీకరు నొక్కి పట్టుకున్నాడు.

"మేడమ్, పొద్దున జరిగినదానికి చాలా బాధగా ఉందండీ. ఆ సాఫ్ట్‌వేరు తీయించేస్తాను. లేదంటే మీ ఒక్కరికీ అడ్డు లేకుండా మార్పిద్దామా?"

కోడలు గోడవైపు తిరిగింది.

"మార్చేవాళ్ళ చెయ్యి విరగ్గొడతాను," అంది అత్తగారు. "దాన్ని అలాగే ఉంచండి. సొంత అత్తకే తాళం ఇవ్వనన్న పిల్ల, రేపు మీరొచ్చి బతిమాలినా ఇవ్వదు. పిల్లల్ని గాల్లోకి పంపేచోట అలాంటి మనిషే కావాలి. పక్క బడులవాళ్ళు అడుగుతున్నారన్నారుగా? వాళ్ళందరికీ చెప్పండి, ఇది మా కోడలు చేసింది, మొట్టమొదట నన్నే ఆపింది అని. నా మాటగానే చెప్పండి."

ఫోను పెట్టేశాక కోడలు ఇంక ఆపుకోలేకపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు తడిచేతులతోనే ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ బుగ్గలూ తడిసిపోయే ఉన్నాయి.

"ఊరుకో తల్లీ, ఊరుకో. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది నువ్వే. పరీక్ష నా కళ్ళకైతే, నీ కళ్ళు ఎర్రగా చేసుకుంటావేం?"